అరుణమ్మ ఇచ్చిన కిడ్నీ

సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌కు నడుస్తూ జానయ్య ఇంటికి పోదామని మూడుసార్లు వెనక్కి తిరిగాడు. భార్య అరుణమ్మ తన కిడ్నీ ఒకటి అతనికిచ్చి రెండేళ్లయింది. ఒళ్లు దాన్ని తోసేయకుండా, ఒంట్లో రోగాలతో పోరాడే బలం తగ్గించే గోలీలు రోజూ మింగుతున్నాడు. ఇప్పుడు డాక్టరమ్మ ఫ్లూ టీకా వేయించుకోమంది.

"టీకా అంటే బలమే గద! బలమొస్తే నీ కిడ్నీని బయటికి నూకదా?" అన్నాడు, పక్కనే నడుస్తున్న అరుణమ్మతో.

"గట్ల కాదని డాక్టరమ్మ చెప్పలే?"

"ఆమెదేం పోతది? పోయేది నీ కిడ్నీ!"

క్లినిక్‌లో సూది కనబడగానే వెళ్లిపోదామని లేచాడు. అరుణమ్మ అతన్ని కూర్చోబెట్టి, తన జబ్బ ముందుకు పెట్టింది.

"ముందు నాకెయ్యమ్మా. నాలో ఉన్న కిడ్నీకి ఏం గాకుంటే, ఈయనలో ఉన్నదానికీ ఏం గాదు. రెండూ ఒక్క ఒంట్ల పెరిగినయే గద!"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయి ఆగింది. జానయ్య అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.