చెవిమేస్త్రి వినని చప్పుడు

అతనికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, బడి రికార్డులు దాటి అది బయటికి వచ్చినట్టు లేదు. బండ్లు బాగుచేయించుకునే వాళ్లందరికీ అతను చెవిమేస్త్రి.

ఆ పేరు ఊరికే రాలేదు. బండి వచ్చి షెడ్డు ముందు ఆగగానే మిగతా మెకానిక్కుల్లా బానెట్ ఎత్తి నట్లు విప్పడం మొదలుపెట్టేవాడు కాదు. "ఇంజను ఆపకు" అనేవాడు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపూ ఎవరైనా తుమ్మినా ఊరుకునేవాడు కాదు. తర్వాత తాపీగా కళ్లు తెరిచి, "మూడో వాల్వు వదులైంది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఒక్కోసారి బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే, షెడ్డు వెనకగదిలో భోజనం చేస్తూ, "బెల్టు తెగబోతోంది, కొత్తది తీసి ఉంచు" అని భార్యకి చెప్పేవాడు. విడిభాగాల అరలన్నీ ఆవిడ చేతిలో ఉండేవి. "బండి మూలిగితే చాలు, వీధి చివర నుంచి వినబడుతుంది. నేను పిలిస్తే మాత్రం మూడోసారికి గాని వినబడదు" అని ఆవిడ దెప్పేది.

ఈ విద్య అతనికి వింతగా అబ్బింది. పని నేర్పిన ముసలాయనకి రెండు చెవులూ అంతంతమాత్రం. ఇంజను పక్కన శిష్యుణ్ణి నిలబెట్టి, "ఏమంటోందిరా?" అని అరిచేవాడు. కుర్రాడిగా ఉన్న ఇతను ఆ చప్పుడు నోటితో చేసి చూపాలి. తేడా వస్తే నెత్తిన మొట్టికాయ. టకటకకీ టిక్కుటిక్కుకీ మధ్య తేడా తెలియడానికి ఎన్ని మొట్టికాయలు తిన్నాడో లెక్కే లేదు. అలా వచ్చిన విద్య అది. పాతికేళ్లకి కొట్టిన పిండి అయింది.

తర్వాత స్కానరు వచ్చింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కొత్త బండ్ల కడుపులో కంప్యూటర్లు ఉంటున్నాయి, వాటితో మాట్లాడాలంటే అది కావలసిందే. వైరు తగిలిస్తే అర నిమిషంలో జబ్బు పేరు తెర మీద పడుతుంది. మొదటి ఏడాది చెవిమేస్త్రి దానితో పందెం వేసుకున్నాడు. ముందు తాను విని, తర్వాత వైరు తగిలించి, ఎవరు గెలిచారో చూసి మురిసిపోయేవాడు. రెండో ఏడాది ముందు వైరు తగిలించి, తర్వాత మర్యాదకి వినేవాడు. మూడో ఏడాది నుంచి వైరు తగిలించడమే. అతని చెవిని ఎవరూ లాక్కోలేదు. పనికిరాని సామానులా తనే తీసి అటక మీద పడేశాడు. తొందరగా పని అవుతోందని అందరూ సంతోషించారు, అతను కూడా సంతోషించాడు. అదే నాకు ఒళ్లు మండే సంగతి.

అలా ఆరేళ్లు గడిచాక ఒక శనివారం బావ వచ్చాడు. బావంటే అక్క మొగుడు. ముప్పై ఏళ్లుగా పార్సిళ్ల వ్యాను నడుపుతున్న మనిషి. స్టీరింగు ముందు కూర్చుంటే తప్ప ఆయనకి మాట పెగలదు, ఇంట్లో కూర్చుంటే కాళ్లు ఊరుకోవు.

"ఒరేయ్, కుడి ముందు చక్రం దగ్గర ఏదో గురగురమంటోందిరా. మలుపు తిరిగేటప్పుడు మరీనూ. కాస్త విని చూడు" అని తాళం చేతికిచ్చి, మంచినీళ్ల కోసం వెనకగదిలోకి వెళ్లాడు.

షెడ్డులో అప్పటికే నాలుగు బండ్లు ఉన్నాయి. చెవిమేస్త్రి వైరు తగిలించాడు. ఏ లోపమూ లేదని తెర చెప్పింది. చక్రంలో బేరింగు అరిగితే ఆ తెరకేం తెలుస్తుంది? ఆ సంగతి అతనికి తెలియనిది కాదు. జాకీ మీద చక్రాన్ని లేపి, చేత్తో ఒక్క చుట్టు తిప్పి చెవి పెడితే సరిపోయేది. రెండు నిమిషాల పని. ఆ ఆలోచనే అతనికి రాలేదు. తెర పచ్చగా కనబడగానే అతని బుర్ర అక్కడికి తలుపు మూసేసింది.

బావ మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి మేస్త్రి తల ఇంకో బానెట్ కింద ఉంది.

"ఏమీ లేదు బావా. రోడ్డు చప్పుడై ఉంటుంది."

"విన్నావా?"

"ఆఁ" అన్నాడు, తల ఎత్తకుండానే.

మూడో రోజు మధ్యాహ్నం, పెద్ద మలుపులో, ఆ చక్రం ఊడిపోయింది. వ్యాను వెళ్లి గోడకి కొట్టుకుంది. ప్రాణం దక్కింది గాని కుడి మోకాలు నుజ్జయింది. కర్ర పట్టుకుని నడవచ్చు, బండి మాత్రం ఇక నడపలేడు అన్నారు డాక్టర్లు.

ఆసుపత్రిలో పలకరించడానికి వచ్చిన తోటి డ్రైవర్లు, "ఏ మెకానిక్కు చూశాడు దీన్ని?" అని కోపంగా అడిగారు. బావ మంచం మీద నుంచే వాళ్ల మీద ఇంతెత్తున లేచాడు.

"మా బావమరిదిని ఏమీ అనకండి. వాడు చెవి పెట్టి విన్నాడు. వాడికే వినబడలేదంటే ఆ చప్పుడు దేవుడికి కూడా వినబడదు."

పళ్ల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ చెవిమేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అక్క దగ్గరికి వచ్చి, "నువ్వేం మనసులో పెట్టుకోకురా" అని వీపు నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు షెడ్డు తీయగానే ఒక పాత బండి ఇంజను నడిపించి, స్క్రూడ్రైవరు ఆనించి చెవికి నొక్కుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఒకప్పుడు దేనికది విడిగా పలికిన చప్పుళ్లన్నీ ఇప్పుడు ఒకటే రొదగా వచ్చి పడ్డాయి. వాల్వు ఏదో, బెల్టు ఏదో పోల్చుకోలేకపోయాడు. ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు, చెవి ఎర్రబడింది గాని ఏమీ తేలలేదు. యాభై ఏళ్ల మనిషి, ఇంజను ఆపకుండానే కూలబడి ఏడ్చాడు. రొదలో భార్యకి వినబడలేదు.

రెండు నెలలు గడిచాయి. బావని ఇంటికి తెచ్చారు. చూడ్డానికి ఎవరొచ్చినా బావ అదే మాట చెప్పేవాడు, మా వాడు చెవి పెట్టి విన్నాడని. చెప్పినప్పుడల్లా చెవిమేస్త్రి నీళ్లు నమిలేవాడు. నిజం చెబితే అక్క గడప తొక్కనివ్వదేమో, బావ మొహం చూడడేమో అని భయం. చెప్పకపోతే ఆ పొగడ్త వింటూ బతకాలి. ఆ రెండోదే ఎక్కువ బరువైంది. ఒక మధ్యాహ్నం అక్క బజారుకి వెళ్లగానే, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న బావ ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"బావా, నేను వినలేదు."

"ఏంటి?"

"ఆ రోజు చెవి పెట్టలేదు. చక్రం తిప్పి కూడా చూడలేదు. మెషీను ఏమీ లేదంది, నేనూ ఏమీ లేదన్నాను. విన్నావా అని నువ్వడిగితే అబద్ధమాడాను."

చెవిమేస్త్రి తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాడు.

"నాకు వినబడిందిరా" అన్నాడు బావ చివరికి. గొంతులో కోపం లేదు. "ఆ మూడు రోజులూ వినబడుతూనే ఉంది. దిగి చూద్దామని రెండుసార్లు బండి పక్కకి తీశాను కూడా. నువ్వు విని ఏమీ లేదన్నాక నా చెవే చెడిందిలే అనుకున్నాను. అనుకుని, ఆ చప్పుడు వినబడకుండా కిటికీ అద్దం ఎత్తేసుకున్నాను."