కుడికాలి కారణం కోసం చిలమత్తూరు దాకా

పొద్దున ఆరు గంటలకు అనంతపురంలో హిందూపురం బస్సెక్కినాను. కారణం నా కుడికాలు. కాలికి జబ్బేమీ లేదు. మా కర్రసాము మొదలుపెట్టేటప్పుడు కుడికాలిని నేలమీద అర్ధచక్రంగా తిప్పి, వంగి నేలను తాకి, వేళ్లు కళ్లకద్దుకుని, ఆ తర్వాతే కర్ర ఎత్తుతాము. ఎందుకని శిష్యులడిగితే ఒకడికి పాళెగాని ఆజ్ఞ అన్నాను. ఇంకొకడికి నెలవంక అన్నాను. మూడోవాడు నరసింహులుకు శత్రువు దాటలేని గీత అన్నాను. ముగ్గురూ టీ అంగట్లో కలుసుకున్నారు.

"ఒక కాలికి మూడు కారణాలేందన్నా?" అన్నాడు నరసింహులు. "ఎల్లుండి సాయంత్రం రాప్తాడు తిర్నాల్లో ఆడాల. అంతలోపల మీ గురువునడిగి నిజం పట్టుకోనిరా. లేకుంటే ఆ ఎత్తు తీసేసి ఆడతాం. మళ్లా నీ దగ్గరికి రాము."

ఇరవై ఏండ్లుగా నేర్పుతున్నాను. మిగిలింది ఆ ముగ్గురే.

బస్సులో పక్కన ఒక గొర్రెల కాపరి, సంతకు పోతున్నాడు. ఆయనకు పాళెగాని కథ చెప్పినాను. పూర్తిగా విని, లేచి, కిటికీ పక్క సీటు నాకిచ్చినాడు. పదిన్నరకు హిందూపురం. అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, ఒంటిగంటకు చిలమత్తూరులో దిగినాను.

మా గురువు హుసేనప్ప వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. ఎనభై ఏండ్లు దాటినాయి. నేను అడిగింది విని, నీళ్లకుండ కోసం మంచం దిగినాడు. దిగేముందు కుడికాలు దానంతట అది నేలమీద అర్ధచక్రం తిరిగింది. మూడు పల్లేరుకాయలు పక్కకు దొర్లినాయి.

"ఇవేనప్పా," అన్నాడు. "మేం ఆడేది బీడునేలలో, ఉత్తకాళ్లతో. కర్రెత్తినాక ముల్లు గుచ్చుకుని కిందికి చూసినామంటే తల పగుల్తాది. అందుకే ముందే ఊడ్చుకునేది."

"నేలను తాకేది?"

"మిగిలినేటివి చేత్తో ఏరి పారేసేకి."

"కళ్లకద్దుకునేది?"

"అదెవురు చెప్పినారు నీకు? ముండ్లేరిన చెయ్యి కండ్లల్లో పెట్టుకుంటారా యాడన్నా?"

అది నేను కలిపింది. ఆ సంగతి చెప్పకుండా రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి తిని అక్కడే పండుకున్నాను.

మరునాడు మూడు కాయలూ సాక్ష్యంగా టికెట్టులో మడిచి బయలుదేరినాను. హిందూపురంలో తిరుగుబస్సెక్కితే అదే గొర్రెల కాపరి, మళ్లా కిటికీ పక్క సీటిచ్చినాడు. ఈసారి నిజం చెప్పినాను.

"నిన్న నీ మాట నమ్మితి," అన్నాడు. "ఈ పొద్దు నన్ను ఎర్రోన్ని చేస్తాండావు." కిటికీ పక్క సీటు వెనక్కి తీసుకున్నాడు.

నాలుగు గంటలకు రాప్తాడు. నరసింహులు కాయలు చూసినాడు. "ఇవి మా ఇంటెనకాల కూడా ఉండాయి. నాలుగో కారణం చెప్పేకి చిలమత్తూరు దాకా పోవల్నా అన్నా?"

ఆట బీడునేలలో. గుడి ముందర కాబట్టి బూట్లు విడవమన్నారు. మా ఊళ్లో నా శిష్యులు ఆడేది జల్లించిన ఇసుకలో, అదీ బూట్లతో. నరసింహులు మాటమీద నిలబడేవాడు. కాలు తిప్పకుండా, నేరుగా కర్రెత్తి దిగినాడు. రెండో అడుగులో నిలిచిపోయినాడు. ఒక కాలు గాల్లో, కర్ర గాల్లో. జనం అదొక కొత్త ఎత్తనుకుని ఈలలు వేసినారు. కాసేపటికి నరసింహులు వెనక్కి వచ్చి, కుడికాలిని నెమ్మదిగా, చాలా భక్తిగా, అర్ధచక్రం తిప్పినాడు. వెనకున్న ఇద్దరూ తిప్పినారు. వంగి కాయలు ఏరినాడు. అలవాటుగా కళ్ల దాకా పోయిన చెయ్యి అక్కడ ఆగింది. నా వైపు చూసినాడు.

ఆట బాగానే జరిగింది. ఈ దోవన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేదొక్కటే: బస్సు దిగేముందు చెప్పులున్నాయో లేదో చూసుకోండి.

తిరుగుబస్సులో నరసింహులు నా పక్కనే కూచున్నాడు, కుంటుతా వచ్చి.

"కాలి సంగతి నిజమేలే," అన్నాడు. "మరి ముండ్ల చెయ్యి కండ్లకద్దుకునేది ఎందుకన్నా?"

అనంతపురం చేరడానికి ఇంకా అరగంట ఉండింది. పాళెగానితో మొదలుపెట్టినాను.