మొదటి ఇంటి కాఫీ, చివరి ఇంటి నీళ్లు

ఒకోటల్ అనే కొండ ఊళ్లో నీళ్ల ట్యాంకు తాళంచెవి పద్దెనిమిదేళ్లుగా తెలెస్ఫోరో దగ్గరే ఉంది. ఊరి నీటి సంఘం తరఫున పైపులు బాగుచేసేదీ, ట్యాంకులో క్లోరిన్ చుక్కలు పడేలా మర తిప్పేదీ ఆయనే. నిమిషానికి అరవై చుక్కలు పడాలని శిక్షణలో చెప్పారు. లెక్కపెట్టడం ఆయన ఎప్పుడో మానేశాడు. పొద్దున కాఫీ మొదటి గుక్కకి భార్య ఎర్మెలిందా క్లోరిన్ వాసనకి మొహం చిట్లిస్తే, కొండెక్కి చుక్కలు తగ్గేలా మర కాస్త బిగించి వచ్చేవాడు. చిట్లించకపోతే ఆ రోజుకి నీళ్లు బాగున్నట్టే.

ఊళ్లో ఎవరూ తప్పుపట్టలేదు. వాసన లేనివే మంచినీళ్లని అందరి నమ్మకం.

మే నెలలో నాలుగేళ్ల దెలియాకి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యాయి. ఆ పిల్లకి బాప్తిస్మమప్పటి జ్ఞానతండ్రి తెలెస్ఫోరో; ఆ వరసతో పిల్ల తల్లీ ఆయనా ఒకరినొకరు కొమాద్రె, కొంపాద్రె అని పిలుచుకుంటారు. వాళ్లమ్మ రుఫీనా ఇల్లు పైపు చిట్టచివర. నర్సు నోహెలియా నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న గాజు గొట్టం పట్టుకుని వచ్చింది. తెలెస్ఫోరో ఇంటి నీళ్లలో పరీక్ష మందు చుక్క వేస్తే పసుపుపచ్చగా మారాయి. రుఫీనా ఇంట్లో రంగే రాలేదు.

“అద్దంలా ఉన్నాయి చూడు,” అంది రుఫీనా గర్వంగా.

“అదేనమ్మా గొడవ. క్లోరిన్ ఇక్కడిదాకా రావట్లేదు,” అంది నోహెలియా.

తెలెస్ఫోరోకి అప్పుడు తట్టింది. ఆయన ఇల్లు ట్యాంకు కిందే. అక్కడ వాసన కొట్టే మందు, నూటపది ఇళ్లు దాటేసరికి మిగలడం లేదు. పైపు ఎక్కడో కారుతోందని చెప్పి తప్పించుకున్నా అందరూ నమ్మేవాళ్లే. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“పైపు తప్పు కాదు కొమాద్రె. మా ఆవిడ కాఫీ కోసం నేనే మర బిగిస్తున్నా.”

రుఫీనా గ్లాసులో నీళ్లు గుమ్మం బయట పారబోసింది.

“పెళ్లాం మీద అంత ప్రేముంటే కాఫీలో ఇంకో చెంచా పంచదార వెయ్యాల్సింది,” అంది.

ఆ మధ్యాహ్నమే తెలెస్ఫోరో కొండెక్కి, మర వదులు చేసి, గడియారం చూస్తూ అరవై చుక్కలు లెక్కపెట్టి వచ్చాడు.

“ఏంటయ్యా ఇది, ఆస్పత్రి కడిగిన నీళ్లా?” అంది మర్నాడు ఎర్మెలిందా. సంగతంతా చెప్పాడు. ఆమె కాఫీ అంతా తాగేసి కప్పు బోర్లించింది. “ఒక్క చుక్క తగ్గించావా, గుమ్మం తొక్కనివ్వను.”

మూడోరోజు నర్సు మందు చుక్క వేస్తే రుఫీనా కొళాయి నీళ్లకి లేత పసుపు తేలింది.

“కంపు కొడుతున్నాయి కొంపాద్రె.”

“కొట్టాలి.”

ఆమె ఇంకోసారి వాసన చూసి, ముక్కు ముడిచి, గ్లాసు నింపి కూతురికిచ్చింది. దెలియా సగం తాగి, మిగతాది జ్ఞానతండ్రి చేతిలో పెట్టింది. ఆయన తాగేశాడు.