తూర్పు ముఖం పెట్టిన కారు

నా చెల్లెలి భర్త పోయాక అతని కారు చిత్తూరులో, వాళ్ల ఇంటి ముందరి సందులో గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. అమ్మెయ్యమని చుట్టాలంతా చెప్పారు. మొగుడు పోయిన మనిషి కారు తోలుకుంటూ పోతే చూడటానికి బాగుండదట. ఎవరి కళ్లకు బాగుండదని అడిగితే, అందరూ అనేదే అన్నారు. వెయ్యి మంది అన్నంత మాత్రాన ఒక మాట నిజమైపోదు.

చెల్లెలు వాదనకు దిగలేదు. ఆమె బడి పంతులమ్మ. పాకాల దగ్గరి పల్లెకు బదిలీ అయింది. బస్సు దిగాక కూడా చాలా దూరం నడవాలి. తెల్లవారుజామునే లేచి డ్రైవింగ్ నేర్చుకుంది. ఆమె అత్తగారు మెత్తబడలేదు గానీ ఒక ఒప్పందానికి వచ్చింది. లైసెన్సు వస్తే కారు ఉంచుకోవాలి, రాకపోతే పరీక్ష రోజు సాయంత్రమే వచ్చే బేరగాడికి ఇచ్చెయ్యాలి.

లైసెన్సు ఉన్నవాడు పక్కన కూర్చోవాలి కనుక పరీక్ష రోజు నేను తిరుపతి నుంచి మొదటి బస్సుకు వెళ్లాను. చెల్లెలు సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టింది. సగం దూరి ఆగింది. బలంగా నెడితే దూరింది కానీ తిరగలేదు.

గడపలో నిలబడ్డ అత్తగారు గొంతు తగ్గించి అంది. "తిరగదులే అమ్మీ. వాడి బండి. వాడి చెయ్యి కోసం సూస్తా ఉండాది."

నాకు చర్రున మండింది. "ఇనప ముక్కకు చెయ్యి గుర్తుంటుందా అమ్మా?" అంటూ వంగి చూశాను. తాళం రంధ్రం చుట్టూ పసుపుపచ్చగా గంధం ఎండి గట్టిపడి ఉంది. మొన్న ఆయుధపూజకు కోడల్ని గడప లోపలే నిలబెట్టి, ఈమె ఒక్కతే పూజ చేసిందని నాకు తెలుసు.

"ఈడ గంధం ఎవరు పూసింది?" అని అడిగాను.

"నేనే పూసినాను. బండికి ప్రాణం ఆడనే కదప్పా ఉండేది!"

ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. భక్తి పేరుతో యంత్రం నోట్లో మట్టి కొడితే అది పనిచేస్తుందా అని, వేదిక మీద మాట్లాడినట్టు అక్కడే ఒక ఉపన్యాసం ఎత్తుకున్నాను. పక్కింటి వాళ్లు కూడా బయటికి వచ్చారు.

"అన్నా, నీ మీటింగు సాయంత్రం పెట్టుకో. ఇప్పుడు టయిమవతా ఉండాది" అంది చెల్లెలు.

పిన్నుతో గంధం గీకి ఊదింది. సంచిలోంచి బడి పిల్లల పెన్సిలు తీసి, ఆ నల్లటి ములుకును తాళంచెవి రెండు పక్కలా రుద్దింది. ఈసారి చెవి నున్నగా లోపలికి జారింది. నేను విజయగర్వంతో అత్తగారి వైపు చూశాను.

చెవి తిరగలేదు.

"గంధం పోయింది కదప్పా, ఇంకేమొచ్చింది దానికి?" అంది ఆమె. ఎగతాళిగా అనలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. నేను వాదిస్తున్నది శకునంతో అనుకున్నాను. ఎదురుగా ఉన్నది కొడుకును పోగొట్టుకున్న తల్లి. అయినా శకునం అబద్ధమే. కానీ నా కారణాన్ని కూడా పరీక్షకు పెట్టాలిగా. పెట్టాం, చాలలేదు. ఇంకోటి వెతకాలి.

దాన్ని చెల్లెలే పట్టుకుంది. "స్టీరింగ్ సూడన్నా, కదలడమే లేదు." కారు తూర్పు ముఖంగా ఉంటేనే పూజ చేస్తానని అత్తగారు పట్టుబడితే, ఆ ఇరుకులో చెల్లెలు చక్రాలు పూర్తిగా మెలితిప్పి, ముందు చక్రం ఇంటిమెట్టు రాయికి ఒరుసుకునేలా ఆపింది. చెవి తీసేయగానే స్టీరింగ్‌కు లోపల తాళం పడుతుంది. రాయి చక్రాన్ని నొక్కుతోంది, చక్రం ఆ తాళాన్ని నొక్కుతోంది. ఆ ఒత్తిడి పోనిదే చెవి తిరగదు.

గేరు తీశాం, హ్యాండ్ బ్రేకు దించాం. నేను ముందుకెళ్లి బానెట్ మీద చేతులు పెట్టి కారును వెనక్కి నెట్టడానికి నిలబడ్డాను. చెల్లెలు రెండు చేతులతో స్టీరింగ్ లాగి పట్టుకోవాలి. మరి చెవి తిప్పేదెవరు?

"అత్తా, నువ్వు రా" అంది చెల్లెలు. "తలుపులోంచి చెయ్యి పెట్టు. బలంగా తిప్పొద్దు, ఆడిస్తా ఉండు."

"నేనా? ఎన్నడైనా ముట్టుకున్నానా నేను?"

"గంధం పూసినావు కదా, ఇదీ ఆడనే!"

ఆమె నవ్వింది. కొడుకు పోయాక నేను చూసిన మొదటి నవ్వు. కొంగుతో చెయ్యి తుడుచుకుని చెవి పట్టుకుంది. నేను నెట్టాను, చెల్లెలు లాగింది. చక్రం రాయిని వదిలింది. టక్కుమంది.

"తిరిగిందే అమ్మీ!" అని ఆమె కేక పెట్టింది. ఆ చేతినే కాసేపు చూసుకుంది.

పరీక్షలో చెల్లెలు నెగ్గింది. సాయంత్రం మేం సందులోకి తిరిగేసరికి బేరగాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తగారు అతనికి మజ్జిగ ఇచ్చి, "బండి ఇయ్యం నాయనా, మా కోడలు బడికి పోవాల" అని పంపేసింది. తర్వాత వీధిలోకి వచ్చి చెయ్యి ఊపుతూ నిలబడింది.

"ఇంకొంచెం ఎనక్కి పో అమ్మీ. మెట్టుకు ఆనించొద్దు. చక్రాలు తిన్నగా పెట్టు!"

"తూర్పు ముఖం అక్కర్లేదా అత్తా?"

"పడమటికే ఉండనీ. పొద్దున బడికి పోయేది అట్లనే కదా."