పొదుగుకొచ్చిన కోడి

ఆ కోడిని మాకు అంటగట్టి వెళ్ళింది పక్క పోర్షన్ ఆవిడ. నెల్లూరు వైపు ముస్లింలు వాళ్ళు. నేను ఆవిడని ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. కరోనా తర్వాత వాళ్ళాయన పనిచేసే వర్క్‌షాప్ మూతపడితే, సామానంతా సర్దుకుని, విమానం ఎక్కే రోజు కోడిని చంకలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"కోసుకు తిందామంటే చేతులు రాలేదమ్మా. నువ్వు తింటావో పెంచుకుంటావో నీ ఇష్టం," అంది.

వద్దనబోయాను. ఎందుకంటే నేను అప్పటికే ఒకరిని పెంచుతున్నాను.

మాది దుబాయ్ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పాత విల్లా. దాన్ని ముక్కలు చేసి పోర్షన్లుగా అద్దెకిచ్చారు. మా వంతుకి ఒక గది, ఒక వంటిల్లు, బాత్‌రూమ్, వెనకాల ఇసుక పరిచిన హోష్ వచ్చాయి. హోష్ అంటే పెరడే. చెట్టూ చేమా లేని పెరడు. నేను ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. మా ఆయన ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేసేవారు. ఒకరోజు పొద్దున్నే ముదీర్, అంటే మేనేజరు, అందర్నీ యార్డులో నిలబెట్టి ఖలాస్ అన్నాడు. అంతే, కంపెనీ లేదు.

మొదట్లో బాగానే తిరిగారు. షార్జా వెళ్ళారు, డేరా వెళ్ళారు, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశారు. తర్వాత ఫోన్లు తగ్గాయి. చలికాలం వచ్చేసరికి మంచమెక్కారు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకోవడం, అన్నం పెడితే నాలుగు ముద్దలు తినడం, మళ్ళీ గోడ. మా క్లినిక్ డాక్టరు మాత్రలిచ్చారు. కొన్నాళ్ళు మింగి మానేశారు. ఇంటి దగ్గరనుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ, "ధైర్యంగా ఉండమను," అనేవారు. ధైర్యం ఏమన్నా సూపర్‌మార్కెట్లో దొరుకుతుందా, నేను డ్యూటీ నుంచి వస్తూ పట్టుకురావడానికి? నాకు ఆయన మీద జాలి ఉండేది. జాలికన్నా కోపం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు కూడా అంతే.

కోడి హోష్‌లో తిరుగుతూ ఇసుక కెలుక్కునేది. ఎర్రటి కోడి, మెడ మీద ఈకలు రాలిపోయి, చూడ్డానికి పెద్ద అందగత్తేమీ కాదు. రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది. ఎండలు ముదిరే ముందు, ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింటి మూలలో ఉల్లిపాయల బుట్టలో ఎక్కి కూర్చుంది. దించితే ఈకలన్నీ పొంగించి కర్ర్ మంటూ నా చెయ్యి పొడిచింది. రెండోరోజూ అదే వరస. మేత లేదు, తిరుగుడు లేదు.

"ఏమండీ, దీనికేదో రోగం వచ్చింది. కదలట్లేదు," అన్నాను గదిలోకి వెళ్ళి. ఇంట్లో కదలనివాళ్ళు ఇద్దరయ్యారని కూడా అందామనుకుని నాలుక కరుచుకున్నాను.

ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు. తర్వాత దుప్పటి తీసి, చెప్పులేసుకుని, వంటింట్లోకి వచ్చారు. కోడి ముందు గొంతుక్కూర్చుని దాని పొట్టకింద చెయ్యి పెట్టి చూశారు.

"రోగం కాదే. పొదుగుకొచ్చింది."

"అయితే దాని గుడ్లే పెడదాం. ఫ్రిజ్‌లో నాలుగున్నాయి."

ఆయన నావైపు చూసి నవ్వారు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి. "పుంజు లేకుండా పిల్లలెలా వస్తాయే పిచ్చిదానా. ఆ గుడ్లలో ఏముంటుంది?"

ఆయన పుట్టి పెరిగింది గోదావరి పక్క. మా అత్తగారు పెరటినిండా కోళ్ళు పెంచిన మనిషి. పోయి చాలా ఏళ్ళైంది. నేను బస్తీలో పెరిగాను, కోడి నాకు కూరలోనే పరిచయం. మర్నాడు పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుని, టాక్సీ మాట్లాడుకుని, ఫలజ్ వైపు తోటలకి వెళ్ళారు. అక్కడ ఒక పాకిస్తానీ తోటమాలి నాటుకోళ్ళు పెంచుతాడని ఎప్పుడో విన్నారట. చొక్కా జేబులోనూ, టోపీలోనూ గుడ్లు పెట్టుకుని వచ్చారు.

"ముర్గా హై భాయ్, బచ్చా పక్కా నికలేగా అన్నాడు," అని చెప్పారు. పుంజుంది, పిల్లలు ఖాయం అని. ఆ హిందీ మాట నాకు ఇంకా చెవిలో ఉంది, ఎందుకంటే ఆయన దాన్ని ఆ సాయంత్రం మూడుసార్లు చెప్పారు.

అరటిపళ్ళ అట్టపెట్టెలో హోష్ ఇసుక జల్లించి పోశారు. దానిమీద పాత లుంగీ. గుడ్లు బేసిగా ఉండాలట, అందుకని తొమ్మిది పెట్టారు. పెట్టెలో ఒక మూల ఎండు మిరపకాయ, ఇనుప మేకు, బొగ్గుముక్క. బొగ్గు ఎక్కడిదంటే, షీషా, అంటే హుక్కా, వెలిగించుకోవడానికి బకాలా కొట్లో అమ్మే బొగ్గు.

"ఇవన్నీ ఎందుకు?"

"ఉరిమితే గుడ్లు మురిగిపోతాయి. మా అమ్మ పెట్టేది."

"ఈ ఊళ్ళో మే నెలలో ఉరుమేంటండీ?"

"ఉరమదని నీకెవరన్నా రాసిచ్చారా?"

కోడిగుడ్డు మీద ఈకలు పీకడం నాకెందుకని ఊరుకున్నాను. నాకు కావలసింది కోడిపిల్లలు కాదు. మాకు పిల్లల్లేరు, ఈ రెంటినీ ముడిపెట్టి నిట్టూర్చేవాళ్ళుంటే వాళ్ళకో దణ్ణం. నాకు కావలసిందల్లా ఆ మనిషి మంచం దిగి ఉండటం. ఈ పొదుగు నిలిస్తే మనిషి నిలుస్తాడని నాకు అనిపించింది. ఎంత పిచ్చి ఆశో అప్పుడే తెలుసు. తెలిసే పెట్టుకున్నాను.

ఆ మూడు వారాలు ఇంట్లో మనిషి అలికిడి వినిపించింది. వంటింటి కిటికీకి వెండిరంగు కాగితం అంటించారు, ఎండ తగలకుండా. కోడి ఉన్నచోట ఏసీ పడదని, వేడెక్కువైనా పడదని, తలుపు ఎంత తీసి ఉంచాలో నాకు పాఠం చెప్పారు. రోజుకోసారి కోడిని దించి, నూకలూ నీళ్ళూ పెట్టి, అది రెట్ట వేసి వచ్చేదాకా గుడ్లమీద లుంగీ కప్పి కాపలా కూర్చునేవారు. వారం తర్వాత దీపాలార్పి, ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూపించారు. లోపల ఎర్రటి దారాలు, మధ్యలో ఒక చుక్క. చుక్క కదిలింది. "చూశావా," అన్నారు. ఒకరోజు అన్నం తింటూ, రువైస్‌లో ఏదో షట్‌డౌన్ పని ఉందట, రిఫైనరీ మరమ్మతులకి, కనుక్కుంటాను అన్నారు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆ మాట ఎగిరిపోతుందేమోనని భయం.

ఇక్కడి కుళాయిల సంగతి చెప్పాలి. వేసవిలో మేడమీద ట్యాంకు ఎండకి కాగిపోతుంది. చన్నీళ్ళ కుళాయిలో మరిగే నీళ్ళు వస్తాయి. అందుకని అందరూ గీజర్ ఆపేస్తారు. గీజర్‌లో నిలవున్న నీళ్ళు గది చల్లదనానికి చల్లబడతాయి కాబట్టి, వేడినీళ్ళ కుళాయిలో చల్లటివి వస్తాయి. గల్ఫ్‌లో ఒక్క వేసవి గడిపినవాళ్ళెవరికైనా ఇది తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. చన్నీళ్ళ కుళాయి తిప్పగానే నిప్పులు రావు. గోడలోపలి గొట్టంలో ఉన్న నీళ్ళు ముందు మామూలుగానే వస్తాయి, తర్వాతే ట్యాంకు నీళ్ళు అందుకుంటాయి.

పిల్లలు దిగాల్సిన రోజు దగ్గర పడింది. ఆ పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే ఆయన ఒక గుడ్డు తెచ్చి నా చెవి దగ్గర పెట్టారు. లోపల ఎవరో గోరుతో గీకుతున్నట్టు చప్పుడు. మళ్ళీ గీకింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గేసి, లేటవుతోందని విసుక్కుని బస్సెక్కాను.

మా అత్తగారికి ఒక అలవాటుండేదట. ఆఖరి రోజుల్లో గుడ్లని గోరువెచ్చని నీళ్ళలో వదిలేది. పిల్ల ఉన్న గుడ్డు నీళ్ళలో ఊగుతుంది, మురిగింది కదలకుండా తేలుతుంది. మురిగినవి ఏరేస్తుంది. పైగా పెంకు మెత్తబడి పిల్ల తేలిగ్గా పగలగొట్టుకుంటుందని ఆవిడ నమ్మకం. ఆవిడ నీళ్ళు బావిలోంచి తోడి, పొయ్యిమీద కాచి, మోచెయ్యి ముంచి చూసుకునేది. ఆ మధ్యాహ్నం మా ఆయన కూడా అలాగే మోచెయ్యి ముంచి చూశారు. టబ్బులో సగం దాకా పట్టిన నీళ్ళు సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి. తొమ్మిది గుడ్లూ వదిలారు. ఏడు ఊగాయి. లోతు చాల్లేదని చన్నీళ్ళ కుళాయి సన్నగా వదిలి ఉంచారు.

అప్పుడే హోష్‌లోకి పిల్లి దూకింది. దించిన కోడి అక్కడే ఉంది. అది అరిచిన అరుపుకి ఈయన పరుగెత్తారు. పిల్లిని తరిమి, బెదిరి గోడెక్కిన కోడిని పట్టుకుని, ఒళ్ళు నిమిరి లోపలికి తెచ్చేసరికి బాత్‌రూమ్ నిండా ఆవిరి.

చేతులు ఇక్కడున్నాయి కానీ, బుర్ర వాళ్ళమ్మ పెరట్లో ఉంది. బావినీళ్ళు మధ్యలో కాగవు కదా.

నేను వచ్చేసరికి గుడ్లు మళ్ళీ కోడి కిందే ఉన్నాయి. ఆయన వంటింటి నేలమీద కూర్చుని ఉన్నారు.

"నీళ్ళు వేడెక్కిపోయాయే," అన్నారు. నేనేమీ అనలేదు. నోరుజారడంలో నన్ను మించినది లేదు, అలాంటి నేనే అనలేదు. మళ్ళీ ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకున్నాను. ఇంకొకటి. అన్నీ చూశాను.

"ఇంకా టైముందండీ," అన్నాను.

రోజు వచ్చింది, పోయింది. ఇంకా రెండు రోజులు చూశాం. కోడి మాత్రం కదలకుండా, రెక్కల కింద ముక్కుతో గుడ్లు సర్దుకుంటూ కూర్చుంది. వాసన మొదలయ్యాక ఆయన ఒకటి తీసి పగలగొట్టారు. నన్ను చూడొద్దన్నారు, చూశాను. ముక్కు, గోళ్ళు, తడి బొచ్చు. ముక్కు చివర పెంకు పగలగొట్టుకోవడానికి ఉండే తెల్లటి మొన కూడా ఉంది.

"అంతా తయారయ్యే ఉంది," అన్నారు ఆయన. దాన్ని కాగితంలో చుట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, వెళ్ళి పడుకున్నారు. గోడవైపు.

మిగతావి నేనే తీసి హోష్‌లో గొయ్యి తవ్వి పూడ్చాను. ఖాళీ పెట్టెలోనే కోడి మళ్ళీ కూర్చుంది. పెట్టె తీసేస్తే ఉత్త నేల మీద కూర్చుంది. దీన్ని ఎలా లేపాలని గదిలోకి వెళ్ళి అడిగాను. గోడలోంచి జవాబు వచ్చింది. "చన్నీళ్ళలో ముంచు. రెండు మూడు రోజులు. తిక్క దిగుతుంది."

గీజర్ కుళాయి కింద బకెట్ నింపి, కోడిని మెడదాకా ముంచాను. గింజుకుంది, పొడిచింది, ఇల్లంతా నీళ్ళు చిందించింది. మర్నాడూ ముంచాను. మూలుగుతూ వెళ్ళి అదే మూల కూర్చుంది. ఆ తర్వాత రోజు నా చేతుల్లోంచి విదిలించుకుని, హోష్‌లోకి పోయి, ఒళ్ళు దులుపుకుని, ఇసుకలో పొర్లింది. నూకలు వేస్తే తింది. కోడికైతే బకెట్ చాలింది. మనిషిని దేంట్లో ముంచాలో చెప్పేవాళ్ళు నాకు ఎవరూ లేరు.

"కోడి లేచిందండీ," అని చెప్పాను.

"మంచిది."

రువైస్ పని మాట నేను ఎత్తాను. వినిపించనట్టు దుప్పటి పైకి లాక్కున్నారు. ఆ తర్వాత చలికాలాలు వచ్చాయి, వేసవులు వచ్చాయి. గీజర్ ఆపడం, వెయ్యడం. నేను డ్యూటీకి వెళ్తాను, వస్తాను. ఆయన నా వీసా మీద ఉన్నారు, ఆ మంచం మీద ఉన్నారు. డాక్టర్లు మారారు, మాత్రలు మారాయి.

గుడ్లు పూడ్చిన ఆ ఏడాదే, ఎండలు కాస్త తగ్గాక, కోడి మళ్ళీ గుడ్డు పెట్టింది. పెట్టి, పెద్ద ఘనకార్యంలా హోష్ అదిరేలా అరిచింది. నేను వేడివేడిగా ఆ గుడ్డు తీసుకెళ్ళి ఆయన అరచేతిలో పెట్టాను. నాకు ఆశ చావలేదు మరి, ఏం చెయ్యను. ఆయన దాన్ని కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత చెవి దగ్గర పెట్టుకున్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"పుంజు లేదు కదే," అన్నారు, గుడ్డు నాకు తిరిగి ఇచ్చేస్తూ. "ఇందులో ఏముంటుంది?"

తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాను.