రేడియేటర్‌లో బోరు నీళ్లు

వద్దని చెప్పినా షెడ్డువాళ్లు నా కారు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోశారు. పోయలేదని అబద్ధమాడారు. ఆపైన ఇంజన్ చచ్చింది, తుక్కుకు అమ్ముకో అన్నారు.

ఆ కారు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, వయసులో నాకంటే కొద్దిగానే చిన్నది. పాడుబడ్డ దొర గడిలో కోళ్లు దాని సీట్లలో గుడ్లు పెడుతుంటే తెచ్చుకున్నాను. నా బడి మూడో తరగతితో ఆగింది. అయినా కారుతో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. రేడియేటర్‌లో ఉప్పు నీళ్లు పోయకూడదని అందులోనే నేర్చుకున్నాను. మా నల్లగొండ బోరు నీళ్లకు కాగు అడుగున తెల్లటి పెళ్లలు కట్టేవి. అందుకే డాబా మీది వాన నీళ్లు బట్టలో వడగట్టి, సీసాల్లో దాచి, అవే పోసేవాడిని.

తెలంగాణ వచ్చిన ఏడాది నా మోకాళ్లు మొరాయించాయి. సర్వీసింగ్‌కు బండిని ఊళ్లోని ఒక షెడ్డుకు ఇవ్వడం మొదలుపెట్టాను. ఇచ్చిన ప్రతిసారీ వాన నీళ్ల సీసాలూ ఇచ్చాను. నాలుగేళ్లకు కేతేపల్లి దారిలో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎరుపు గీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

కబురు పెడితే వచ్చిన షెడ్డు యజమాని బానెట్ ఎత్తి, దించాడు. “ఇంజన్ ఖతమైంది పెద్దసారూ. గీ వయసుల నీకు స్పోర్ట్స్ కారెందుకు? తుక్కుకు వెయ్యి.”

“బోరు నీళ్లు పోసినవా?”

“అమ్మతోడు, నీ సీసల నీళ్లే పోసినం.”

బండిని ట్రాక్టర్‌కు కట్టి ఇంటికి లాక్కొచ్చాను. రేకుల కింద పీట వేసుకుని కూర్చున్నాను. రేడియేటర్ కింది బిరడా విప్పితే పావుసేరు నీళ్లు కూడా రాలేదు. అతుక్కుపోయిన రబ్బరు గొట్టాలు కోసేశాను. నాలుగు బోల్టుల్లో చివరిది ఒక పూట తిన్నది.

“సచ్చిందన్నంక మల్ల గీ కష్టమేందయ్యా?” అంది మా ఆవిడ, రేడియేటర్‌కు అటు పక్క చెయ్యి వేస్తూ.

“సచ్చిందో లేదో వాడు జెప్తే అయితదా? లేపు.”

ఇద్దరం లేపాం. రాగి రేడియేటర్లు అతికే ముసలి పనివాడు మహబూబ్‌నగర్‌లో ఉన్నాడంటే దాన్ని గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆయన మంట పెట్టి పైడబ్బా ఊడదీశాడు. లోపలి సన్నగొట్టాలన్నీ తెల్లగా పూడుకుపోయాయి.

“ఇది రేడియేటర్ గాదు భాయ్, సున్నం బట్టీ,” అన్నాడు. పాత కొలతకే కొత్తది చేసిచ్చాడు.

వారం పట్టింది బిగించడానికి. కొత్త గొట్టాలు, కొత్త క్లిప్పులు, నా వాన నీళ్లు. తాళం తిప్పితే రెండోసారికే పలికింది. గంటసేపు ఆపకుండా నడిపాను, ముల్లు మధ్య నుంచి కదలలేదు.

మర్నాడు పొద్దున్నే పాత రేడియేటర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని షెడ్డుకు పోయాను. ఇంజన్ ఆపలేదు. పనివాళ్లంతా చూస్తుండగా దాన్ని యజమాని బల్ల మీద బోర్లించి కొట్టాను. తెల్లటి పెళ్లలు రాలాయి.

“సచ్చిన ఇంజన్ సప్పుడు ఇంటున్నవా? ఇప్పుడు జెప్పు, ఇవి ఏ నీళ్లు?”

అతను పెళ్లను వేళ్లతో నలిపాడు. తల మాత్రం దించలేదు.

“బోరు నీళ్లే పోసిన పెద్దసారూ. పుట్టినప్పటిసంది మేం తాగుతున్న నీళ్లు నీ బండికి పడయా? నీ సీసలు ఇంటికి తీస్కపోయిన. పప్పు మంచిగ ఉడికింది.”