చిన్నాయన మోసిన అంగీల మూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫుట్‌బాల్ అంటే ఆట కాదు, చాకిరీ. మా చిన్నాయన మా ఊరు ఆదోనిలోనే కాలేజీ చదువుతూ ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉండేవాడు. ఆ జట్టుకు ఓడిపోవడం తప్ప ఇంకో పని వచ్చినట్టు నాకు గుర్తు లేదు. ఓడిన ప్రతిసారీ జట్టంతటి ఎర్ర అంగీలూ మూటగట్టి, సైకిల్ వెనక పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. నల్లరేగడి పట్టిన గుడ్డ ఒక పట్టాన వదలదు. కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియని వీధి మాది. అవ్వా నేనూ ఎక్కడెక్కడినుంచో బిందెలు మోసుకొస్తే, చిన్నాయన బండ దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా ఉతికేవాడు.

ఓడితే ఆ భారం కెప్టెన్‌దేనని ఆయన నమ్మకం. ఆట అయిపోగానే జట్టు ముందు నిలబడి, "అంతా నా తప్పేనప్పా, మీరెవురూ మనసులో పెట్టుకోవద్దండి" అనేవాడు. ఆ మాట వీధిలో కూడా పాకింది. ఎంత మంచి పిల్లవాడని అందరూ మెచ్చుకునేవారు. నేనైతే చెప్పనక్కర్లేదు. బిందెలు మోసి నడుం పడిపోతున్నా, ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందని మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీద నాకే విసుగొస్తుంది.

ఆ ఏడు కాలేజీ పెద్దలు ఒక మాట తేల్చి చెప్పేశారు. ఎమ్మిగనూరు జట్టుతో రెండు ఆటలున్నాయి, ఒకటి వాళ్ళ ఊళ్ళో, ఒకటి మన ఊళ్ళో. రెండూ పోతే వచ్చే ఏడు జట్టే ఉండదు. చిన్నాయనకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. చదువులో ఆయన అంతంత మాత్రమే. గ్రౌండులో తప్ప ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

ఎమ్మిగనూరులో ఆట వానలో జరిగింది, చిత్తుగా ఓడారు. చిన్నాయన జట్టు గోల్‌కీపర్ ఆ ఊరి మగ్గాల ఇంటి పిల్లవాడే, చదువు కోసం ఆదోనిలో గది తీసుకుని ఉండేవాడు. సొంత ఊరివాళ్ళ ముందు అన్ని గోల్స్ తిన్నాడు. తిరుగు బస్సులో జట్టంతా అతన్ని నానా మాటలూ అన్నారు. చిన్నాయన మామూలుగానే లేచి తప్పు తనదన్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఇక ఆడనని చెప్పి ఆ పిల్లవాడు బస్సు దిగి వెళ్ళిపోయాడు. ఇదంతా చిన్నాయనే ఇంటికొచ్చి మూట దించుతూ చెప్పాడు.

ఆ రోజు ఇంట్లో తాగడానికి తప్ప నీళ్ళు లేవు. అవ్వ మూట వంక చూసి గడపలోనే కూలబడింది.

"ఎన్ని దినాలు ఉతుకుతావురా ఇవి?"

"కెప్టెన్‌ని నేను కదమ్మా. అంతా నాదే తప్పు."

"అంతా నీదే అంటాండావు. ఏం తప్పు చేసినావో ఒకటి చెప్పు."

చిన్నాయన మూట ముడి బిగించసాగాడు.

"తెలీదు కదా," అంది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు. "అంతా నాదే అంటే నీకూ నిద్ర పడతాది, వాళ్ళకూ నిద్ర పడతాది. మళ్ళా ఆటకు మళ్ళా మూట తెస్తావు. నాకు మోసే శక్తి లేదు నాయనా."

చిన్నాయన ఆ మూట విప్పలేదు. పొద్దున్నే దాన్ని అలాగే సైకిల్‌కు కట్టాడు. నేనూ వస్తానని మారాం చేస్తే ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. ముందు గోల్‌కీపర్ గదికి పోయి అతన్ని బతిమాలి బయటికి తెచ్చాడు. గ్రౌండు పక్కన ఒక పత్తి జిన్నింగు మిల్లు ఉండేది, దాని ముందు పెద్ద నీళ్ళ తొట్టి. జట్టంతటినీ అక్కడికి పిలిచి, ఎవరి అంగీ వాళ్ళ చేతిలో పెట్టాడు.

"ఎవురిది వాళ్ళు ఉతుక్కోండప్పా. ఉతుకుతా ఉతుకుతా, నిన్న యాడ తప్పు చేసినారో చెప్పండి. పక్కోనిది చెప్పగూడదు. మీది మీరే చెప్పల్ల."

కొందరు నవ్వారు. ఒకడు అంగీ నేలకేసి కొట్టి, ఇదేం పంచాయితీ అన్నాడు. చిన్నాయన కూర్చుని తన అంగీ తడిపాడు. వంచిన తల ఎత్తకుండానే చెప్పాడు. రెండో గోల్ పడేటప్పుడు తాను చెయ్యెత్తి రిఫరీతో వాదిస్తూ నిలబడ్డాడట. తాను కాయాల్సిన మనిషి పక్కనుంచే పోయాడట. అది చూసీ వెనక పరిగెత్తలేదట. అంతా నాదే అని అన్నిసార్లు అన్న మనిషికి ఈ చిన్న ముక్క చెప్పడానికి చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది.

తర్వాత అంగీ విసిరికొట్టినవాడే దాన్ని తీసుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. కాలు నొప్పి లేకపోయినా ఉన్నట్టు కుంటుతూ ఆడానని చెప్పాడు. ఇంకొకడు బంతి అడగాల్సిన చోట అడగలేదన్నాడు. ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. గోల్‌కీపర్ అందరికంటే చివర మాట్లాడాడు.

"మొదటిది నాదేన్నా. ముందరికి రావల్సింది, జారతానని భయపడి ఆడ్నే నిలబడినా. తక్కినవి ఒక్కణ్ణే ఆపలేకపోయినా."

ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఉతికిన అంగీలు కంచె మీద ఆరేస్తే మిల్లులోంచి ఎగిరొచ్చిన దూది వాటికి అంటుకుంది. ఒకరి అంగీ మీది దూది ఇంకొకరు ఏరుతూ కూర్చున్నారు.

రెండో ఆట మా ఊళ్ళో జరిగింది. అవ్వా నేనూ వెళ్ళాం. గెలిచారని రాయాలని నాకూ ఉంది, కానీ ఓడిపోయారు. ఒక్క గోల్ తేడా. ముందురోజు వానకు గ్రౌండంతా బురద, గోల్‌కీపర్ అందులో ఎన్నిసార్లు పడి లేచాడో చెప్పలేను, అవతలివాళ్ళే వచ్చి భుజం తట్టారు. జట్టు మాత్రం పోయింది. కాలేజీ పెద్దలు అన్న మాట మీదే నిలబడ్డారు.

మేం ముందే ఇంటికొచ్చేశాం. మూట వస్తుందని నేను ఖాళీ బిందెలు వాకిట్లో పెట్టాను. చిన్నాయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. వెనక ఏమీ లేదు. భుజం మీద తన అంగీ ఒక్కటి వేలాడుతోంది.

"ఒకటేనా?" అంది అవ్వ.

"ఒకటేనమ్మా. ఎవురిది వాళ్ళు తీసుకపోయినారు."

అవ్వ బిందెలు పక్కకు జరిపి ఆయనకు అన్నం పెట్టింది. ఆయన తింటూ ఏడ్చాడు, కానీ ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

పెద్దయ్యాక నేను పెద్దకడుబూరు దిక్కున ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. అక్కడా ఓటములే ఎక్కువ. పరీక్షలు పోయేవి, పిల్లలు పత్తి తీయడానికి పోయి మళ్ళీ కనిపించేవారు కాదు. టీచర్లందరూ నా ముందు కూర్చుంటే, ఒళ్ళు అలిసిపోయి, అంతా నాదే బాధ్యత అనేసి లేచిపోవాలని చాలాసార్లు అనిపించేది. అంతకంటే సులువైన మాట లేదు. అప్పుడు చిన్నాయన భుజం మీది ఆ తడి అంగీ గుర్తొచ్చేది. మళ్ళీ కూర్చుని, నేను ఏ పిల్ల ఇంటికి వెళ్తానని వెళ్ళలేదో ముందు అది చెప్పి, తక్కినవాళ్ళు చెప్పేదాకా కాచుకునేదాన్ని. ఇప్పుడు రిటైరయ్యాను, బడీ లేదు, పిలిచేవాళ్ళూ లేరు. ఇంట్లో ఏదైనా చెడితే మాత్రం, అందులో నాది ఏ ముక్కో వెతుక్కుని, ఆ ఒక్కటే ఉతికి ఆరేసుకుంటాను.